వంతుల నీటికి యాప్ కట్టమంటున్నారు – ముందుగా ఎవరిని అడగాలి?

శివారు_ఆయకట్టు:
నమస్తే అండి. మా నీటి సంఘం వాళ్లు దాళ్వా (రెండో పంట) వంతుల లెక్క ఫోన్లో చూసుకునేలా ఏదైనా చేసిపెట్టమన్నారు. నేను పాలకొల్లు దగ్గర మా ఊళ్లోనే ఉండి ఒక కంపెనీకి కోడ్ రాస్తుంటాను, సాయంత్రాలు ఖాళీయే. సరేనన్నాను గానీ ఇంకా ఒక్క లైను కూడా రాయలేదు.

ఈ పని తెలియనివాళ్ల కోసం చెబుతాను. ఫిబ్రవరి వచ్చేసరికి గోదావరిలో సహజ ప్రవాహం తగ్గిపోయి, సీలేరు నీళ్ల మీద బతకాల్సి వస్తుంది. అప్పుడు కాలువలకు వంతులు పెడతారు. మా బ్రాంచి కాలువకు ఏ రోజుల్లో నీళ్లు వదలాలో పైన నిర్ణయిస్తారు. ఆ రోజుల్లో ఏ తూము ముందు ఎత్తాలి, ఏ బోదెకు (చేలకు వెళ్లే చిన్న కాలువకు) ఎంతసేపు పారించాలి అన్నది లస్కరు (కాలువ మీద తూములు చూసే మనిషి), సంఘం, రైతులు కలిసి తేల్చుకోవాలి. ఇప్పుడు దీన్నంతా నడిపిస్తున్నవి ఒక నోటు పుస్తకం, ఒక వాట్సాప్ గ్రూపు, లస్కరు ఫోన్ నంబరు. శివారుకు, అంటే కాలువ చివరి చేలకు, నీళ్లు అందకపోతే అర్ధరాత్రి గట్టు మీద గొడవలు.

సంఘం ప్రెసిడెంట్ గారు అడిగింది ఇది: తూము ఎత్తినప్పుడూ దించినప్పుడూ లస్కరు ఫోన్లో నొక్కాలి. అది అందరికీ కనిపించాలి. నెలాఖరుకు రిపోర్టు రావాలి. వినడానికి బాగానే ఉంది గానీ నాకెందుకో ఎక్కడో తేడా కొడుతోంది. పదిమంది కలిసి చేసే పనికి సిస్టమ్ కట్టేటప్పుడు తెలిసినవాళ్లు మొదట ఏం చూస్తారు?

కోనసీమ_మాస్టారు:
లస్కరు ఫోన్లో చార్జింగ్ ఉందో లేదో చూస్తారండి. ఆయ్.

పరిశోధన_హైద్:
మీకు తేడా కొడుతున్న చోటునే 1988లో జొనాథన్ గ్రూడిన్ అనే ఆయన పట్టుకున్నాడు. ఆఫీసుల్లో ఉమ్మడి క్యాలెండర్ ప్రోగ్రాములు కొని మూలన పడేస్తున్నారు, ఎందుకని చూశాడు. మీటింగ్ పెట్టాలనుకున్న మేనేజర్‌కు ఒక్క నొక్కుతో అందరి ఖాళీ సమయాలు కనిపిస్తాయి. అవి కనిపించాలంటే మిగతావాళ్లంతా తమ పనులన్నీ రోజూ అందులో ఎక్కించాలి. దానివల్ల వాళ్లకు ఒరిగేదేమీ లేదు, అందుకని ఎక్కించరు. శ్రమ ఒకరిది, ఫలం ఇంకొకరిది అయ్యేలా కట్టిన సిస్టమ్ నిలబడదని ఆయన వాదన. మీ ప్రెసిడెంట్ గారు అడిగింది అచ్చంగా అదే. నొక్కేది లస్కరు, రిపోర్టు ఆయనది.

ఇది మీ ఒక్క కాలువ సమస్య కాదు. ఒకే తెర మీద ఇద్దరు వేర్వేరు ఊళ్ల నుంచి కలిసి పనిచేయడం సాధ్యమేనని డగ్లస్ ఎంగెల్‌బార్ట్ 1968 డిసెంబరు 9న శాన్‌ఫ్రాన్సిస్కోలో అందరి ముందూ చేసి చూపించాడు. మౌస్‌తో, వీడియోతో సహా. యంత్రం చేయగలదని అప్పుడే తేలింది. మనుషులు అసలు కలిసి ఎలా పనిచేస్తారన్నది విడిగా చదవాలని తోచడానికి మరో పదహారేళ్లు పట్టింది. 1984లో ఐరీన్ గ్రైఫ్, పాల్ క్యాష్‌మన్ కలిసి ఒక వర్క్‌షాప్ పెట్టి ఈ చదువుకు కంప్యూటర్ సపోర్టెడ్ కోఆపరేటివ్ వర్క్ (CSCW) అని పేరు పెట్టారు. 1986లో ఆస్టిన్‌లో పెద్ద సభ జరిగింది. అప్పటి నుంచీ ఇంజనీర్ల పక్కన సమాజ శాస్త్రం చదివినవాళ్లు కూర్చోవడం మొదలైంది.

మీరు అడగాల్సిన మొదటి ప్రశ్న: నొక్కితే లస్కరుకు ఏమొస్తుంది?

కోడ్_తణుకు:
(ఊరు తణుకు, ఉద్యోగం బెంగళూరు.) గ్రూడిన్ మాట పాతబడిందండి. మా ఆఫీసులో క్యాలెండర్ నింపనివాడు ఒక్కడు లేడు. నింపకపోతే వాడి భోజనం టైములో మీటింగ్ పెట్టేస్తారు.

పరిశోధన_హైద్:
నిజమే. దాన్నీ ఆయనే చూశాడు. 1995లో లేషియా పేలెన్‌తో కలిసి పెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీలకు వెళ్లి చూస్తే, ఒకప్పుడు మూలన పడ్డ క్యాలెండర్లనే అందరూ వాడుతున్నారు. పైనుంచి గట్టి ఆదేశాలేమీ లేవు. ఎవరి పనులు వాళ్లు రాసుకోవడానికే అది సులువుగా తయారైంది. పక్కవాళ్లంతా వాడుతుంటే వాడనివాడికి ఇబ్బంది మొదలైంది. అంటే ముందు ఒంటరిగా వాడినా పనికొచ్చేలా ఉండాలి, గుంపు ఉపయోగం దాని వెనకాల వస్తుంది. లస్కరు విషయంలో ఆ ఒంటరి ఉపయోగం ఏమిటో మీరే కనిపెట్టాలి.

లస్కరుగారబ్బాయి:
కనిపెట్టక్కర్లేదండి, నేను చెబుతాను. మా నాన్నగారు ఈ పనిలోనే ఉన్నారు. వంతు రోజుల్లో ఆయన ఫోను రాత్రంతా మోగుతూనే ఉంటుంది. "నీళ్లెక్కడున్నాయి?" "మా తూము ఎప్పుడు?" "పైనోళ్లు దించారా లేదా?" అడిగేది ఈ మూడే. ఫోను ఎత్తకపోతే "లస్కరు అమ్ముడుపోయాడు" అంటారు. ఎత్తితే గట్టు మీద సైకిల్ ఆపి మాట్లాడాలి. ఒక్క తూముకు వెళ్లొచ్చేలోపు పదిమందికి జవాబు చెప్పాలి.

మీ యాప్ ఆ ఫోన్లు ఆపగలిగితే ఆయన నొక్కుతారు. రిపోర్టు కోసమైతే మొదటి వారం నొక్కి, రెండో వారం నన్ను నొక్కమంటారు. నేను ఇంట్లో కూర్చుని నొక్కుతాను. ఇక ఆ లెక్క మీద మీరు ఎన్ని గ్రాఫులైనా గీసుకోండి.

శివారు_ఆయకట్టు:
చాలా థాంక్స్ అండి. నాకు కావాల్సింది ఇదే. అంటే రైతు లస్కరుకు ఫోన్ చేసే బదులు ఒక నంబరుకు మిస్డ్ కాల్ ఇస్తే, తిరిగి ఫోన్ వచ్చి "నీళ్లు ఫలానా తూము దాటాయి, మీది తర్వాతిది" అని తెలుగులో చెప్పాలి. స్మార్ట్‌ఫోన్ అక్కర్లేదు. లస్కరు ఒక్కసారి నొక్కితే ఆ మూడు ప్రశ్నలకీ జవాబు అందరికీ వెళ్లిపోతుంది.

కోడ్_తణుకు:
గట్ల మీద సిగ్నల్ ఉండదు కదా, ఆఫ్‌లైన్ సంగతి ముందే ఆలోచించండి. లస్కరు ఫోను, సంఘం గుమస్తా ఫోను రెండూ నెట్ లేకుండా వంతు మార్చాయనుకోండి. తర్వాత కలిసినప్పుడు ఎవరి మాట చెల్లాలి? ఒకే డాక్యుమెంటును ఇద్దరు ఒకేసారి దిద్దే సమస్యకు 1989లో ఎల్లిస్, గిబ్స్ ఒక దారి చూపించారు. ఒకరి మార్పును ఇంకొకరి మార్పుకు తగ్గట్టు సవరించి కలపడం అన్నమాట. 2011లో షపీరో బృందం ఇంకో దారి తెచ్చింది. ఏ వరసలో వచ్చి కలిసినా చివరికి అన్ని ఫోన్లలో ఒకే ఫలితం తేలేలా డేటాను ముందే అమర్చుకోవడం. ఇప్పుడు దానికి తయారు లైబ్రరీలు దొరుకుతున్నాయి, కొత్తగా రాయక్కర్లేదు.

కానీ ఒక్క జాగ్రత్త. రెండు ఫోన్లలో ఒకే మాట కనిపించినంత మాత్రాన ఇద్దరు రైతులు ఒప్పుకున్నట్టు కాదు. లైబ్రరీ అక్షరాలను కలుపుతుంది, తగవు తీర్చదు. అందుకని దేన్నీ చెరపనివ్వకండి. ఎవరు, ఎప్పుడు, ఏం చెప్పారన్నది ఒకదాని కింద ఒకటి చేరుతూ పోవాలి. నోటు పుస్తకంలో కొట్టివేత కింద పాత అంకె కనిపిస్తూనే ఉంటుంది చూడండి, అది మంచి లక్షణం. ఫోను గడియారాన్ని కూడా నమ్మకండి. బ్యాటరీ తీసి పెట్టాక తేదీ 1970కి పోయిన ఫోన్లు మా ఊళ్లో నేనే చూశాను. ఫోను టైము, సర్వరుకు అందిన టైము రెండూ దాచండి.

రొయ్యల_చెరువు:
భీమవరం వైపు నుంచి ఒక మాట. నీళ్ల కబురు అందరికీ కావాలి కాబట్టి ఎలాగో నడుస్తుంది. మా చెరువుల విషయంలో ఇలాంటిదే పెట్టబోయి ఆగిపోయారు. ఎవరి చెరువులో రొయ్యలకు తెల్లమచ్చ జబ్బు వచ్చినా వెంటనే ఫోన్లో పెట్టాలి, పక్కవాళ్లు కాలువ నీళ్లు తోడుకోకుండా జాగ్రత్త పడతారు. ఐడియా బంగారం. ఒక్కడూ పెట్టలేదు. పెడితే ఏమవుతుంది? కొనేవాడికి కబురు అందుతుంది, రేటు పడిపోతుంది. మేతకు అప్పిచ్చినవాడు మర్నాడే గుమ్మంలో ఉంటాడు. అందుకే జబ్బు వచ్చినవాడు గప్‌చుప్‌గా పట్టుబడి చేసి (రొయ్యలు పట్టేసి), ఆ నీళ్లను కాలువలోకి వదిలేస్తాడు. ఆ కాలువ నీళ్లే పక్కవాడు తోడుకుంటాడు.

యాప్ బాగోలేక కాదండి. దాచుకుంటే లాభం ఉన్నచోట ఎవడూ చెప్పడు.

పరిశోధన_హైద్:
ఇది చదివితే వాండా ఓర్లికోవ్‌స్కీ 1992లో రాసింది గుర్తొచ్చింది. ఒక పెద్ద కన్సల్టింగ్ కంపెనీ లోటస్ నోట్స్ అనే ఉమ్మడి సమాచార సాఫ్ట్‌వేర్ కొని ఉద్యోగులందరికీ పంచింది, అందరూ తమకు తెలిసింది అందులో పెడతారని. అక్కడి ఉద్యోగులకు ప్రమోషన్ వస్తే పైకి, రాకపోతే బయటికి. తనకు మాత్రమే తెలిసిన సంగతే ఒక్కొక్కడి ఆస్తి. దాన్ని ఊరికే ఎందుకు పెడతాడు? పైగా పెట్టడానికి పట్టిన గంటను ఏ క్లయింటు బిల్లులో వేయాలో తెలియదు. సాఫ్ట్‌వేర్ దగ్గర తప్పు లేదు. తెల్లమచ్చ కథ కూడా ఇదే.

రొయ్యల_చెరువు:
మరి దానికి మందేమిటండి?

పరిశోధన_హైద్:
చెప్పినవాడికి నష్టం లేకుండా చూడాలి. పేరు లేకుండా "ఈ కాలువ మీద, ఈ రెండు తూముల మధ్య జబ్బు ఉంది" అని మాత్రమే బయటికి వెళ్లే ఏర్పాటు చేయొచ్చు. అయినా ఆ మధ్యలో మూడే చెరువులుంటే ఎవరిదో అందరికీ తెలిసిపోతుంది. కాబట్టి సాఫ్ట్‌వేర్‌తో సగమే అవుతుంది. మిగతా సగం అప్పుల దగ్గర, రేటు దగ్గర ఉంది.

ధవళేశ్వరం_రిటైర్డ్:
అబ్బాయిలూ, ఇంతసేపూ మీరు రాసిందంతా చదివాను. మీరు కొత్తగా కట్టాలనుకుంటున్న దానికి మన దగ్గరే పాత నమూనా ఒకటుంది. కాటన్ దొర 1847లో ఆనకట్ట మొదలుపెట్టి 1852 నాటికి పూర్తిచేశాడని అందరూ చెబుతారు. నీటిమట్టం స్కేలు గురించి ఎవరూ చెప్పరు. వరదొస్తే ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకు మొదటి హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. అంతే. దిగువకు పోయే నీరు దాదాపు 10 లక్షలు, 13 లక్షలు, 17 లక్షల క్యూసెక్కులన్నమాట. లంక గ్రామాల్లో ముసలమ్మకు కూడా ఈ అంకెలు తెలుసు.

గమనించండి. అదే "రెండో హెచ్చరిక" విని కలెక్టరు పునరావాస కేంద్రాలు తెరిపిస్తాడు, లంక రైతు పశువులను గట్టెక్కిస్తాడు, పడవవాడు రేవు మారుస్తాడు, మా సిబ్బంది ఏటిగట్టు బలహీనంగా ఉన్నచోటికి ఇసుక బస్తాలు తోలిస్తారు. ఎవరికీ ఎవరూ విడిగా చెప్పక్కర్లేదు. 1986 ఆగస్టులో గట్లు తెగినప్పుడు సెల్‌ఫోన్లు ఎక్కడివి? రేడియో, వైర్‌లెస్, ఆ అంకె. ఎవరేం చేయాలో ఎవరి అనుభవం వాళ్లకు చెప్పింది. మీ యాప్‌లో కూడా నీళ్లు ఎక్కడున్నాయో చూపించండి చాలు. ఎవరేం చేయాలో మీరు చెప్పబోకండి.

పరిశోధన_హైద్:
సార్, ఇది పాఠంగా చెప్పాల్సిన ఉదాహరణ. వేర్వేరు పనులవాళ్లు ఒకే వస్తువును తలోరకంగా వాడుకుంటూనే దాని ద్వారా కలిసి నడవడం గురించి సూసన్ లీ స్టార్, జేమ్స్ గ్రీజ్‌మర్ 1989లో రాశారు. వాళ్లు బర్క్‌లీలోని ఒక జంతుశాస్త్ర మ్యూజియం చరిత్ర చూసి రాశారు. ఈసారి క్లాసులో నేను స్కేలు గురించే చెబుతాను.

లేసుపని_నర్సాపురం:
మా లేసుపనిలో యాప్ లేకుండానే ఇది నడుస్తోందండీ. చేతిపని చేసేవాళ్లు ఒక ఊళ్లో, అతుకుపని చేసేవాళ్లు ఇంకో ఊళ్లో. ఒకరి మొహం ఒకరు చూడరు. శాంపిల్ పువ్వు ఒక్కటి తిరుగుతుంది, దాన్ని చూసే అందరూ అల్లుతారు. ఒక ఏజెంటు శాంపిల్‌ను ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టాడు. ఫోటోలో సైజు తెలియక పువ్వులు తలో కొలతలో వచ్చాయి, అతికేవాళ్లు తల పట్టుకున్నారు. మళ్లీ అసలు పువ్వే తిప్పుతున్నారు.

కోడ్_తణుకు:
ఫోటోలో పక్కన రూపాయి బిళ్ల పెట్టాల్సిందమ్మా.

లేసుపని_నర్సాపురం:
దారం బిగువు రూపాయి బిళ్లతో తెలుస్తుందా బాబూ?

శివారు_ఆయకట్టు:
ఇంకో చిక్కు మిగిలే ఉంది. తూము ఎత్తిన టైము, దించిన టైము అందరికీ కనిపించాలా? శివారు రైతులు కచ్చితంగా కావాలంటున్నారు. "పైన రెండు గంటలు ఎక్కువ పారించుకున్నారని రుజువు ఉంటే మేం అడగగలం" అంటున్నారు. మాదీ శివారే. వాళ్ల బాధ నాకు తెలుసు.

లస్కరుగారబ్బాయి:
ఇదైతే నేను ఒప్పుకోనండి. చేలన్నీ ఒకేలా ఉండవు. ఒకాయనది పొట్ట మీదుంటుంది, ఇంకొకాయన ఆలస్యంగా ఊడ్చాడు కాబట్టి రెండ్రోజులు ఆగగలడు. నాన్నగారు చేను చూసి ఒకరికి గంట ఎక్కువ ఇస్తారు, తర్వాతి వంతులో సర్దుతారు. అందరికీ తెలుసు, అందరూ ఊరుకుంటారు. రేపు అది ఫోన్లో అంకెగా కనిపిస్తే "నాకు నాలుగు, వాడికి అయిదా" అని ఆఫీసుకు కాగితం పోతుంది. ఆ తర్వాత ఆయన గడియారం చూసి ఎత్తుతారు, దించుతారు, చేను వంక చూడరు. ఎండేది ఎవరిది?

రొయ్యల_చెరువు:
ఆ సర్దుబాటు పేరు చెప్పే పెద్ద రైతులకు గంటలు పెరిగేది కూడా. మీ నాన్నగారిని అనడం లేదండి. అన్ని కాలువల మీదా మీ నాన్నగారే ఉండరు కదా.

పరిశోధన_హైద్:
ఇద్దరు చెప్పిందీ నిజమే. దీన్ని పూర్తిగా తేల్చిన సిస్టమ్ నేనెక్కడా చూడలేదు. ఎనభైల్లో విన్నోగ్రాడ్, ఫ్లోరెస్ కలిసి తెచ్చిన ఒక ప్రోగ్రామ్‌లో ప్రతి సందేశాన్నీ ఇది అభ్యర్థన, ఇది మాట ఇవ్వడం అని ముందే ముద్ర వేసి పంపాలి. పని తేటతెల్లంగా ఉంటుందనుకున్నారు. అలా వర్గాలుగా విడగొట్టడమంటే క్రమశిక్షణ పెట్టడమేనని, అది ఎవరి చేతిలో ఉంటే వాళ్లదే పెత్తనమని లూసీ సచ్‌మన్ 1994లో గట్టిగా విమర్శించారు.

ఇంకో ఉదాహరణ విమానాల ట్రాఫిక్ కంట్రోల్. ఒక్కో విమానానికి ఒక్కో కాగితపు చీటీ ఉండేది, వరసగా ఒక పట్టీలో గుచ్చి ఉండేవి. ఏదైనా విమానంతో చిక్కు రావచ్చనిపిస్తే కంట్రోలరు ఆ చీటీని కాస్త పక్కకు లాగి పెడతాడు. పక్కన కూర్చున్నవాడు అది చూసి అర్థం చేసుకుంటాడు. ఒక్క మాట ఉండదు, ఏ ఫారమూ నింపరు. ఇంగ్లండులో లాంకాస్టర్ యూనివర్సిటీ వాళ్లు తొంభైల మొదట్లో దీన్ని దగ్గరుండి చూసి, చీటీలను తెర మీదకు ఎక్కించేవాళ్లు ఈ పక్కకు లాగడాన్ని మరిచిపోతే ప్రమాదమని చెప్పారు. మీ లస్కరు చేను చూసి గంట ఎక్కువ ఇవ్వడం కూడా చీటీని పక్కకు లాగడమే. దానికి ఫోన్లో చోటు లేకపోతే అది లెక్కలో తప్పుగా కనిపిస్తుంది. కనీసం "సర్దుబాటు" అని ఒక బటన్, దాని పక్కన గొంతుతో కారణం చెప్పే వీలు పెట్టండి. అది చూసి పెద్ద రైతులకే సర్దుబాట్లు జరుగుతున్నాయా అన్నది సంఘం మీటింగులో మాట్లాడుకోవచ్చు, అర్ధరాత్రి గట్టు మీద కాదు.

కోనసీమ_మాస్టారు:
ఈసారి జోకు కాదండీ. మీ యాప్‌లో రైతుల జాబితా ఎక్కడి నుంచి తెస్తున్నారు? సర్వే నంబర్ల ప్రకారం పట్టాదారుల పేర్లు ఎక్కిస్తే కథ మొదటి రోజే ముగుస్తుంది. పట్టాదారు హైదరాబాద్‌లోనో అమెరికాలోనో ఉంటాడు. చేలో నీళ్లు పెట్టేది కౌలు రైతు. మా వైపు చాలా చేలు అలాగే నడుస్తున్నాయి. మీ ఫోను అమెరికాకు పోయి "మీ తూము తర్వాతిది" అని చెబుతుంది!

పోనీ కౌలుదారు పేరు ఎక్కిద్దామంటే ఆసామి ఒప్పుకోడు. ఎక్కడైనా రికార్డు పుడితే రేపు హక్కు అడుగుతాడేమోనని భయం. కౌలుదారు కూడా ఎక్కించుకోడు, వచ్చే ఏడాది చేను దక్కదేమోనని. కాబట్టి పేర్లు వద్దు, సర్వే నంబర్లు అసలే వద్దు. తూము నంబరు, దాని కింద ఈ సీజనుకు ఫోన్ నంబర్లు. సీజను అయిపోగానే అవి చెరిపేయండి.

కోడ్_తణుకు:
"దేన్నీ చెరపనివ్వకండి" అని నేను పైన రాశాను. మాస్టారు చెప్పినదాని ప్రకారం ఫోన్ నంబర్లు దానికి మినహాయింపు. తూముల చరిత్ర ఉంటుంది, మనుషుల జాబితా పోతుంది. రెండు వేర్వేరు టేబుళ్లు, ఇబ్బందేమీ లేదు.

శివారు_ఆయకట్టు:
మాస్టారూ, పట్టాదారుల జాబితా ఇస్తానని గుమస్తా గారు నిన్ననే చెప్పారు. వద్దని చెప్పేస్తాను.

ప్రస్తుతానికి నేననుకుంటున్నది ఇది. ఈ దాళ్వాకు ఒక్క బ్రాంచి కాలువే. లస్కరు నొక్కేది ఒకటే, నీళ్లు ఏ తూము దాటాయన్నది. దానికి తోడు సర్దుబాటు బటన్, గొంతు. రైతులకు మిస్డ్ కాల్. రిపోర్టు ఈ సీజన్లో లేదు. ప్రెసిడెంట్ గారికి ఇది నచ్చదు. "మరి నాకేంటయ్యా?" అంటారు.

ధవళేశ్వరం_రిటైర్డ్:
ఆయన ఫోనుకు కూడా అర్ధరాత్రి కాల్స్ తగ్గుతాయని చెప్పు. మా కాలంలో ప్రెసిడెంట్లు లేరు గానీ మాకూ మోగేవి.

లస్కరుగారబ్బాయి:
నాన్నగారిని అడిగాను. మాట్లాడటానికి సరేనన్నారు. కాకపోతే ఏప్రిల్లో కాలువలు కట్టేశాక రమ్మంటున్నారు, నీళ్లుండగా తీరిక ఉండదట.

పరిశోధన_హైద్:
వద్దు, నీళ్లుండగానే వెళ్లండి. తీరికగా కూర్చోబెట్టి అడిగితే ఎవరైనా రూలు ప్రకారం చేస్తున్నట్టే చెబుతారు. అసలు పని వంతు రాత్రి ఆయన వెనకాల నడిస్తేనే కనిపిస్తుంది. లండన్ మెట్రోలో బేకర్లూ లైను కంట్రోల్ రూమ్‌లో హీత్, లఫ్ చేసిందీ అదే. కెమెరా పెట్టి గంటల తరబడి చూశారు. ఒకరు ఫోన్లో మాట్లాడుతుంటే పక్కవాడు తన పని చేసుకుంటూనే విని, ఎవరూ అడగకుండానే ప్రయాణికులకు అనౌన్స్‌మెంట్ మొదలుపెడుతున్నాడు. వాళ్లను అడిగితే "అబ్బే, మా పని మేం చేస్తాం" అని ఉండేవాళ్లేమో.

లస్కరుగారబ్బాయి:
అయితే రండి, వెనక నడవండి. ప్రశ్నలు అడగొద్దన్నారు. టార్చి మీదే. చెప్పులతో రాకండి, గట్ల మీద పాములుంటాయి.

శివారు_ఆయకట్టు:
వస్తానండి. వంతు ఎప్పుడో తెలిస్తే ఇక్కడే పెట్టండి.

కోడ్_తణుకు:
కోడ్ గిట్‌లో (ఇద్దరం కలిసి రాసుకునేలా) పెట్టండి. మిస్డ్ కాల్ వైపు, తెలుగు గొంతు వైపు నేను చూస్తాను. ఒకటే షరతు, ప్రెసిడెంట్ గారు పట్టుబట్టి రిపోర్టు పేజీ అడిగితే అది నన్ను రాయమనకండి.